గుట్ట కింద మిగిలిన రాయి

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదిమీ కలిసి ఒక కొండమీది విహారకేంద్రానికి వెళ్లాం. కొండ కింద గేటు దగ్గరే ఒక్కొక్కరి మణికట్టుకు కాగితపు పట్టీ అంటించారు, ఆసుపత్రిలో చేరినవాళ్లకు అంటించినట్టు. ఆ పట్టీ ఉంటేనే తీగమీద వేలాడుతూ లోయ దాటొచ్చు, తాళ్ల వంతెన మీద నడవొచ్చు, భయపడుతున్నప్పుడు ఫొటో దిగొచ్చు. సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు దాన్ని ఒక యంత్రానికి చూపించాలి. అందరం చూపించాం. యంత్రం కుయ్యిమంది. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి తెరవైపు చూసి, తలైనా ఎత్తకుండా, మీవాళ్లలో ఒకరు ఇంకా పైనే ఉన్నారు సార్ అంది.

గబగబా లెక్కపెట్టాను. నా భార్య ఉంది, పిల్లలున్నారు, పొద్దుటినుంచీ మోకాళ్ల గురించి చెబుతూనే ఉంది కాబట్టి మా అత్తగారు ఉన్నట్టు చూడకుండానే తెలుస్తోంది. మళ్లీ లెక్కపెట్టాను. ఎవరూ తగ్గలేదు. అయినా గేటు దాటలేకపోయాను. ఎందుకంటే ఆ మాటను నేను అంతకుముందు ఒకసారి విన్నాను, ఇరవై ఏళ్ల కిందట, ఇలాగే ఒక గుట్ట కింద, ఇలాగే పొద్దు వాలేవేళ. అప్పుడు చెప్పింది యంత్రం కాదు, పొగాకు నములుతున్న ఒక ముసలమ్మ.

నా ఈడువాళ్లకు ఆ రోజులు చెప్పనక్కర్లేదు. రీలు కెమెరాలో బొమ్మలు అయిపోతాయేమోనని కొండను కూడా కదలకుండా నిలబడమనే కాలం అది. జేబులో ఫోను కొత్తగా చేరింది కానీ, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో దానితో మాట్లాడాలంటే డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు మీద ఒంటికాలి మీద నిలబడాలి. ఇంటికి తిరిగొచ్చేదాకా మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలిసేది కాదు, దానికి ఎవరూ బాధపడేవారు కాదు కూడా.

మాది ప్రాణహిత ఒడ్డున వరి పండించుకునే ఉమ్మడి కుటుంబం. ఇంటికి పెద్ద మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న. ఆయన తర్వాత నాన్న, అంటే మా బాపు, ఆఖరివాడు చిన్నాన్న, మా కాక. నేను అప్పుడే గడ్చిరోలిలో డిగ్రీ ముగించి, అంటే డిగ్రీ నన్ను ముగించి, ఇంటిదగ్గర కూర్చుని అందరినీ ఆటపట్టించడమే ఉద్యోగంగా చేస్తున్నాను. ఉమ్మడి కుటుంబం అన్నాను కానీ, నేను చెప్పబోయే దీపావళినాటికి కాక ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ లేచి మూడేళ్లయింది. కారణం చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. పెద్దబాపు కూతురి పెళ్లికి, అంటే మా అక్క పెళ్లికి, లగ్నపత్రిక అచ్చు వేయించారు. మా వైపు పత్రికలు ఒక పక్క తెలుగులో, ఒక పక్క మరాఠీలో ఉంటాయి, బంధువులు నదికి ఇటూ అటూ ఉంటారు కనుక. మరాఠీ పక్క ఆహ్వానించేవారిలో కాక పేరు ఉంది. తెలుగు పక్క లేదు. అచ్చువేసినవాడి పొరపాటే, పెద్దబాపుకు ఏ పాపమూ తెలియదు. కానీ కాక ఎవరిచేతనో చదివించుకుని ఆ పత్రిక పట్టుకొచ్చి వాకిట్లో నిలబడి ఒకే మాట అడిగాడు.

"మరాఠీల నీ తమ్మున్ని. మరి తెలుగుల ఎవలిని?"

పెద్దబాపు క్షమించమని అని ఉంటే అంతటితో పోయేది. ఆయన అనలేదు. నువ్వు మరాఠీ బడిలో చదువుకున్నవు, నీకు తెలుగు చదవరాదు, రానిదానికి లొల్లి ఏంది అన్నాడు. పెళ్లిరోజు కాక తన వాటాకు తాళంపెట్టి చేపలకు పోయాడు. ఆ సాయంత్రమే పెద్దబాపు, ఈ ఇంట్లో వాని పేరు ఎవలు తీయొద్దు, నాకు తమ్ముడు ఒక్కడే అని మా బాపును చూపించి చెప్పాడు. ఆ తర్వాత గోడ లేచింది. మా పెద్దమ్మ ఆ గోడ కట్టిన మూడు రోజులూ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి కాకకు ఇంకా పాలపళ్లు ఊడలేదట. ఆవిడ చేతిముద్దలు తిని పెరిగినవాడు. అయినా ఆ మూడేళ్లలో ఆవిడ నోట అతని పేరు మేమెవరమూ వినలేదు.

ఇక మా బావ సంగతి. అక్క మొగుడు కరీంనగర్‌వాడు, హైదరాబాదులో కంప్యూటరు కొలువు. ప్రతి దీపావళికీ ఒక కొత్త పిచ్చితో అత్తవారింటికి దిగేవాడు. మొదటి ఏడు కెమెరా, రెండో ఏడు యోగా, ఆ ఏడు పర్వతారోహణ. ఆఫీసువాళ్లు ఎక్కడికో తీసుకుపోయి తాడు కట్టి ఒక బండమీదినుంచి దింపారట, అప్పటినుంచీ నేలమీద నిలవడం లేదు. పెద్ద తాడు చుట్ట, మెడలో ఈల, దిక్సూచి, జేబులే తప్ప బట్ట కనిపించని ప్యాంటు. వచ్చిన పూటే, ఏటపల్లి వైపు గుట్టలున్నాయట కదా, అందరం పోదాం అన్నాడు.

ఇల్లంతా నిర్ఘాంతపోయింది. మా దృష్టిలో గుట్ట అంటే తునికాకు కోసుకొచ్చే చోటు, వెదురు తెచ్చుకునే చోటు, కాదంటే దేవుడుండే చోటు. ఊరికే చూడడానికి గుట్ట ఎక్కినవాడు మా వంశంలో లేడు.

"గుట్టెక్కి ఏం దెస్తం?" అన్నాడు పెద్దబాపు.

"ఏం తేం మామా. అడివి చూసొస్తం."

"అడివిలకెల్లి పోయి అడివిని జూసుడేంది? తొవ్వ పొడుగూత ఉంటది గదా, జీపులనే కూసోని చూడు."

కానీ అల్లుడి మాట. ఒక కాళీపీళీ మాట్లాడారు. కాళీపీళీ అంటే మా మహారాష్ట్ర రోడ్లమీద తిరిగే నలుపూ పసుపూ రంగుల జీపు. అందులో ఎంతమంది పడతారన్నది ఇనుముకు సంబంధించిన ప్రశ్న కాదు, మనుషుల మొహమాటానికి సంబంధించింది. పెద్దబాపు, పెద్దమ్మ, అక్క, బావ, మా అమ్మ, నేను, నా చెల్లెలు ఎక్కాం. వరికోతలకు మనుషులను కుదుర్చుకోవాల్సిన పని ఉండి మా బాపు ఆగిపోయాడు. కాకను పిలవాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందో లేదో నాకు తెలియదు, వచ్చినా దాన్ని గోడ దాటించే ధైర్యం ఎవరికీ లేదు. జీపు కదిలేటప్పుడు ఆయన తన వాకిట్లో వల బాగుచేసుకుంటూ తల ఎత్తలేదు. జీపుకు సైలెన్సరు లేదు కాబట్టి వినిపించలేదని మాత్రం అనుకోలేం.

టేకుచెట్ల మధ్య గతుకుల్లో ఊగుతూ ఆల్లపల్లి దాటి, అక్కడినుంచి ఇంకా లోపలికి పోయి, ఒక గుట్ట కింద చిన్న గూడెం దగ్గర ఆగాం. డ్రైవరు ముందే గట్టిగా చెప్పాడు, పొద్దుగూకకముందే బయలుదేరి ఆల్లపల్లి చేరాలి, చీకటిపడ్డాక ఆ అడివిలో బండి నడపనని. ఆ రోజుల్లో ఎందుకు అని ఎవరూ అడిగేవారు కాదు.

గుట్టమీదికి బాట మొదలయ్యేచోట ఒక చదునైన బండ ఉంది. దానిపక్కన ఇంటి అరుగుమీద ఒక గోండు ముసలమ్మ కూర్చుంది. అందరూ అవ్వ అంటున్నారు, మేమూ అవ్వా అన్నాం. చెవి కొంచెం దూరం, నోరు బాగా దగ్గర. గోండి, తెలుగు, మరాఠీ మూడూ కలిపి మాట్లాడేది, మూడింటిలోనూ తిట్టేది. ముందు దిగిన బావను ఆపి ఆ గుట్ట పద్ధతి చెప్పింది.

"ఎక్కేటోళ్లు మనిషికో రాయి ఈ బండ మీద వెట్టాలె. దిగినంక మనిషికో రాయి తీసి అటు పారేయాలె. రాయుంటే మనిషి పైన ఉన్నట్టు లెక్క. పొద్దుగూకేటాళ్లకు రాయి మిగిలితే మా మొగోళ్లు ఎక్కి దేవులాడుతరు. సమజైందా?"

ఎప్పుడో ఒకడు పైన లోయలో పడి, పడ్డట్టు ఎవరికీ తెలియక అక్కడే పోయాడట, అప్పటినుంచీ ఆ పద్ధతి. బావకు తెగ నచ్చింది. హైదరాబాదు వెళ్లి ఆఫీసులో చెబుతానన్నాడు. మేమంతా తలా ఒక రాయి ఏరి బండమీద పెట్టాం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అవ్వ ఈ మాటలు చెబుతున్నప్పుడు పెద్దమ్మ జీపు వెనకవైపు ఉండి టిఫిన్ క్యారియర్లు దించుతోంది. ఆవిడ వచ్చి చూసేసరికి కనిపించింది ఏమిటంటే, ఒక గుట్ట, గుట్ట మొదట్లో ఒక బండ, బండమీద ఇంటివాళ్లంతా భక్తిగా పెడుతున్న రాళ్లు. ఇంకేం కావాలి? చెప్పులు విడిచింది, కొంగు తలమీదికి లాక్కుంది, తన రాయి పెట్టి దండం పెట్టుకుంది. అంతటితో ఆగితే మా పెద్దమ్మ ఎందుకవుతుంది? గుడిలో హారతి పళ్లెం ఎదుట ఏ ఆడమనిషైనా తనొక్కతి కోసమే మొక్కుకుంటుందా? వంగి ఇంకో రాయి ఏరింది, ఏదో గొణిగి పెట్టింది. ఇంకొకటి ఏరింది. నేను పక్కనే ఉండి, పెద్దమ్మా గుట్ట మొత్తం కిందికి దించుతవా ఏంది, మేం ఎక్కడానికి జర ఉంచు అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆఖరి రాయిని మాత్రం రెండు చేతుల్లో కాసేపు పట్టుకుని, అన్నిటికంటే వెనక్కి, బండ అంచున పెట్టింది.

గుట్ట ఎక్కడం గురించి గొప్పగా రాయాలని ఉంది కానీ, జరిగినది జరిగినట్టు చెబుతాను. బావ దిక్సూచి చూసి ఉత్తరం ఎటుందో కనిపెట్టాడు, బాట మాత్రం పడమటికి పోయింది. ఒకచోట నిలువు బండ అడ్డం వచ్చింది. ఇదే కదా నాకు కావాల్సింది అన్నట్టు ఆయన చెట్టుకు తాడు కట్టి, నడుముకు ముడివేసుకుని, పైకి పాకడం మొదలుపెట్టాడు. మావైపు అత్తలు అల్లుళ్లతో సూటిగా మాట్లాడరు కనుక పెద్దమ్మ నన్ను పిలిచింది.

"అరేయ్, మీ బావకు చెప్పురా, ఇటు దిక్కు మంచి తొవ్వ ఉన్నదని."

చెప్పాను. "తొవ్వల పోతే ట్రెకింగ్ ఎట్లయితది బామ్మర్దీ?" అని రొప్పుతూ జవాబు వచ్చింది. పెద్దమ్మ రెండు చేతుల్లో క్యారియర్లతో మేకలు నడిచే బాటన చుట్టు తిరిగి పైకి చేరి, విస్తరాకులు పరిచి, సర్వపిండి ముక్కలు వడ్డించి కూర్చున్నాక బావ తల బండమీదికి లేచింది. పెద్దబాపు పంచె ఎగగట్టి, గొడుగు వేసుకుని అదే బాటన ఎక్కి, అల్లుడు వచ్చేసరికి తినేసి చెయ్యి కూడా కడుక్కున్నాడు.

అయితే పైనుంచి చూసింది మాత్రం ఈ రోజుకీ నా కళ్లలో ఉంది. కింద ఎటు చూసినా అడవి, చెట్లన్నీ ఒక్కటే ఆకుపచ్చ దుప్పటి కప్పుకున్నట్టు, దాని మడతల్లో ఎక్కడో ఒక వాగు మెరుస్తూ. సెలవులకల్లా ఆ అడవిలోంచే బస్సులో వచ్చిపోతూ చదువుకున్నవాణ్ణి, అది అంత పెద్దదని నాకు తెలియదు. నోట మాట రాలేదు, నాలాంటివాడికి అది జబ్బు లక్షణం. పెద్దబాపు కూడా గొడుగు మూసి చాలాసేపు నిలబడ్డాడు. ఏదో అనబోయి పక్కకు తిరిగాడు, ఆ పక్క ఎవరూ లేరు. చిన్నప్పుడు అన్నదమ్ములు పశువులతో నది ఒడ్డు గుట్టలు ఎక్కి తిరిగేవారని, కాక ఎప్పుడూ ఎడమపక్కనే నడిచేవాడని అమ్మ తర్వాత చెప్పింది. బావ ఇక్కడ అరిస్తే కొండ తిరిగి పలుకుతుందని చెప్పి గొంతు చించుకుని అరిచాడు. పలకలేదు. రెండుసార్లు ఈల కూడా ఊదాడు. ఒక కోతి వచ్చి ఏమిటని చూసి వెళ్లిపోయింది.

కిందికి దిగేసరికి ఎండ ఎర్రబడింది. మనిషికో రాయి తీసి అటు విసిరాం. డ్రైవరు ఇంజను వేశాడు. అప్పుడు అవ్వ అరుగుమీదినుంచి లేచి బండ దగ్గరికి వచ్చి, నోట్లో పొగాకు ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకు మార్చి అంది.

"మీ మందిల ఇంకా పైన్నే ఉన్నరు."

చూస్తే బండమీద గుప్పెడు రాళ్లు. మేం ఒకరినొకరం చూసుకున్నాం. అందరం ఉన్నాం. ఈలోగా అవ్వ గోండిలో ఏదో కేక వేసింది, గూడెంలో ఇళ్లలోంచి మనుషులు రావడం మొదలైంది. పైన ఇంతమంది చిక్కుకున్నారా అని వాళ్లకు ఆశ్చర్యం, పైన ఉన్న మేమెవరం అని మాకు. అప్పుడు పెద్దమ్మ జీపులోంచి తల బయటపెట్టి, అవి నేనే వెట్టిన అవ్వా, రానోళ్ల పేరు మీద అంది.

అవ్వ అంత విస్తుపోవడం ఆ గూడెంవాళ్లు కూడా చూసి ఉండరు. "రానోళ్ల పేరు మీద? మొక్కనుకున్నవా ఏంది? అయ్యో నా తల్లీ, రానోళ్లు ఎక్కకనే ఎక్కిరి, ఇప్పుడు దించేదెట్ల?" అని కాసేపు నెత్తి కొట్టుకుని, కాసేపు నవ్వి, చివరికి తీర్పు చెప్పింది. ఎవరి పేరుమీద పెట్టారో ఆ మనిషి రక్తసంబంధీకులు తీసేయాలి. పెట్టిన చెయ్యి తీయకూడదు.

సరే, లెక్క మొదలైంది. ఒకటి మంచంలో ఉన్న మా నాయనమ్మది, పెద్దబాపు తీశాడు. ఒకటి నాగపూర్‌లో ఉన్న పెద్దమ్మ చెల్లెలిది, అక్క తీసింది. ఒకటి మా బాపుది. నా చెల్లెలు తీసింది. ఇంకొకటి ఎవరిదంటే, పెద్దమ్మ కొంచెం సిగ్గుపడి, ఈనడానికి ఉన్న మా బర్రెది అంది.

"బర్రెను సుత గుట్ట మీదికి తోలినవా!" అంది అవ్వ.

ఆ రాయి నాచేత తీయించారు. బంధుత్వం ఏమిటని ఎవరూ అడగలేదు. గూడెం గూడెమంతా నవ్వింది, డ్రైవరు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక చూస్తే బండ అంచున ఇంకొక రాయి ఉంది.

"గిదెవలిది?"

పెద్దమ్మ, నాకేం యాదికొస్తలేదు అంది. ఊళ్లో ప్రతి ఇంటి పెళ్లిలో ఎవరు ఏ చీర పెట్టారో చెప్పగల మనిషి. బావ నాయకుడి హోదాలో ముందుకొచ్చి మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి ఈల ఊది లెక్కపెట్టాడు. ఎవరమూ తగ్గలేదు. అప్పుడు అవ్వ ముఖంలో నవ్వు పోయింది. మీవాళ్లు కాకపోతే మావాళ్లు, రాయుంటే మనిషుంటడు అంది.

సరిగ్గా ఆ మాటకే గుంపులోంచి ఒక పడుచు ఏడుపు అందుకుంది. చంకలో నెలల బిడ్డ. గోండిలో ఏదేదో చెప్పింది. అవ్వ మాకు తెలుగులో చెప్పింది, పొద్దున మొగుడూ పెళ్లాం కొట్లాడుకున్నారట, అతను ఎటు పోతున్నదీ చెప్పకుండా పోయాడట, సంతకు పోయాడనుకుంది, గుట్టకే పోయాడేమో, పైన ఎలుగుబంట్లున్నయి. ఆ పిల్ల ఏడుపు చూసి చంకలో బిడ్డ కూడా అందుకుంది. నలుగురు మగవాళ్లు ఇళ్లలోకి పోయి గొడ్డళ్లు తెచ్చారు. ఒకడు ఎండు వెదురు చీల్చి కాగడా కట్టడం మొదలుపెట్టాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

వాళ్లు బాటమీద నాలుగడుగులు వేశారో లేదో, పెద్దమ్మ జీపులోంచి దిగింది. చెప్పులు వేసుకోవడం మరచిపోయింది.

"ఆగుండ్రి. పైన ఎవ్వలు లేరు. గా రాయి నేను వెట్టిందే."

"యాదికి లేదంటివి గదా?" అంది అవ్వ. "ఎవలి పేరు మీద?"

పెద్దమ్మ అవ్వవైపు చూడలేదు, మావైపు చూడలేదు. పెద్దబాపు చెప్పులవైపు చూస్తూ చెప్పింది.

"మా మరిది పేరు మీద."

పిడుగు పడింది అని రాస్తారు చూడండి, పుస్తకాల్లో; నేనెప్పుడూ నమ్మలేదు. ఆ రోజు నమ్మాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క బావ చెయ్యి పట్టుకుంది, బావ తాడుచుట్ట పట్టుకున్నాడు. సిరొంచవాడే కాబట్టి డ్రైవరుకు కూడా మా ఇంటి గోడ సంగతి తెలుసు. హారన్‌మీది చెయ్యి తీసేశాడు. మూడేళ్లలో ఆ ఇంట్లో మొదటిసారి ఆ మనిషి మాట వచ్చింది, అదీ ఇంట్లో కాదు, జిల్లాకు ఇంకో మూల, పరాయి గూడెం ముందు.

పెద్దబాపు పంచె సవరించుకున్నాడు. పాండ్రి, టైమైతంది అని మాత్రం అని జీపువైపు తిరిగాడు.

"ఏడికి పోతవ్? రాయి తియ్యంది ఏడికి పోతవ్?" అవ్వ అడ్డం నిలబడింది. "గా మనిషి నీకేమైతడు?"

పెద్దబాపు గొడుగు మొనతో మట్టి గీశాడు. గొడవ చల్లారిస్తే చాలునని నేను, కాకే కదా, నేను తీస్తా అని బండ దగ్గరికి నడిచాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. "నువ్వు బర్రెది తీసినవు, సాలు. పెద్దోళ్లుండంగ పిల్లలెందుకు?" అని మళ్లీ ఆయనవైపు తిరిగింది. "అడుగుతున్న గదా, ఏమైతడు?"

ఆ పడుచు వెక్కుతూ ఆయన ముఖంలోకే చూస్తోంది. తన మొగుడు గుట్టమీద లేడని ఆ ఒక్క మనిషి నోటినుంచే తెలియాలి ఆమెకు. గొడ్డళ్లవాళ్లు బాటమీద ఆగి వెనక్కి చూస్తున్నారు. పెద్దబాపు గొడుగును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడు," అన్నాడు.

"ఆఁ? ఇనవడలే."

అవ్వ చెవి సంగతి ముందే చెప్పాను. ఆవిడకు నిజంగానే వినిపించలేదని ఇప్పటికీ నా నమ్మకం. అమ్మ మాత్రం ఒప్పుకోదు.

"తమ్ముడు! నా తమ్ముడు! నా తోడవుట్టినోడు!"

గట్టిగా అరిచాడు, మెడనరాలు లేచేటట్టు. గుట్ట ఈసారి కూడా తిరిగి పలకలేదు. పలికి ఉంటే బాగుండేది కానీ అది ఆ జాతి గుట్ట కాదు. పెద్దబాపు వెళ్లి ఆ రాయి తీశాడు. అంతలోనే సంత బాటన ఆ పడుచు మొగుడు చేతిలో గాజుల పొట్లంతో రానే వచ్చాడు, గూడెమంతా గొడ్డళ్లు పట్టుకుని తనవైపే చూస్తుంటే కారణం అడగకుండా వెనక్కి తిరిగి పరుగెత్తాడు. అతన్ని పట్టి తేవడానికి ఇద్దరు పోయారు. ఆ పిల్ల ఏడుపు తిట్లలోకి ఎప్పుడు మారిందో మాకు తెలియలేదు, గోండి కదా, రెండూ ఒకేలా వినిపించాయి.

రాయి అటు పారేయమని అవ్వ అంది. పెద్దబాపు వినిపించుకోలేదు. చెవి దూరం అంటువ్యాధి అని అప్పుడే అనుకున్నాను. జీపులో, కిటికీ పక్క సీటు కోసం నేనూ చెల్లెలూ పొద్దునంతా కొట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణంలో ఆ సీట్లో పెద్దబాపు, ఆయన ఒళ్లో రాయి. బావ ఒకసారి నోరు తెరవబోతే అక్క చూసిన చూపుకు ఆయనే ఈల నోట్లో పెట్టుకున్నాడు. పెద్దమ్మ దారంతా తలుపువైపు తిరిగి కూర్చుంది, ఇంటికి పోయాక జరగబోయేదానికి సిద్ధమవుతున్నట్టు. ఆల్లపల్లిలో చుట్టాలింట్లో పడుకుని, తెల్లవారగానే బయలుదేరి, పొద్దుటి చాయ్ వేళకు సిరొంచ చేరాం.

కాక గోడకు ఆ పక్క నిలబడి వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. పెద్దబాపు జీపు దిగి, ఇంట్లోకి పోకుండా, నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. పెద్దమ్మ వాకిట్లోనే కూలబడింది. ఆయన రాయిని గోడమీద పెట్టాడు.

"నీది. గుట్ట మీద ఉండిపోయింది."

కాక వేపపుల్ల నోట్లోనే ఉంచుకుని రాయివైపు చూశాడు, అన్నవైపు చూశాడు, మావైపు చూశాడు. ఏమిటిదని అడుగుతాడనుకున్నాం. నేను గబగబా జరిగినదంతా చెప్పాను, బర్రె సంగతితో సహా. కాక అంతా విని, రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఉమ్మేసి వచ్చాడు.

"గింత చిన్నదా నాకు?" అన్నాడు.

అయిపోయింది అనుకున్నాం. పత్రికలో పేరు పడలేదని మూడేళ్లు, ఇప్పుడు రాయి చిన్నదని ఎన్నేళ్లో.

"నువ్వేమన్న పెద్దోడివా, పెద్దది వెట్టనీకి?" అన్నాడు పెద్దబాపు.

కాక వేపపుల్ల మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆ నమలడంలో తెలియలేదు. వాకిట్లో కూలబడిన పెద్దమ్మ లేచి, కళ్లు తుడుచుకుని, ఎవరినీ చూడకుండా, ఇద్దరికీ చాయ్ పెడుతున్న, సల్లగైతే నన్ననొద్దు అని లోపలికి పోయింది.

గోడ మాత్రం కూల్చలేదు. సిమెంటు గోడ కదా, మనసులు మారాయని అది ఊరికే పడిపోదు. దానికి ఒక సందు కొట్టారు, చాయ్ గ్లాసులు పోయేంత. తర్వాత మనిషి పోయేంత. ఆ రాయి సందు పక్కన గోడమీదే ఉండిపోయింది; చాలా ఏళ్లు కాక దానికింద బీడీకట్ట దాచుకునేవాడు.

కాక పోయి నాలుగేళ్లయింది. గోడకు సున్నం వేయడానికి వచ్చినవాడు అడ్డంగా ఉందని రాయి తీయబోతే, మంచం దిగని పెద్దబాపు అక్కడినుంచే కేకేశాడట, దాన్ని ముట్టొద్దు అని. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆ గూడెం ముందు ఉన్న మాకు అడగనక్కర్లేదు. ఆ గుట్టకు ఇప్పుడు మెట్లు, ఇనుప కడ్డీలు వచ్చాయని, బండను పగలగొట్టి బండ్లు నిలపడానికి చోటు చేశారని విన్నాను. అవ్వ కూడా ఉండదు ఇప్పటికి.

విహారకేంద్రం గేటు దగ్గర ఆ అమ్మాయి రెండోసారి తెర చూసి, సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ సార్, మీరు వెళ్లొచ్చు అంది. ఒక మీట నొక్కింది. పైన మిగిలిన ఆ ఒక్కరు పోయారు. ఎవరని నేనూ అడగలేదు, మా అత్తగారి మోకాళ్లు ఆగడం లేదు. కారు ఎక్కాక కూడా మణికట్టు మీది పట్టీని చాలాదూరం తీయలేకపోయాను.

పెద్దబాపు ఇంటి గోడమీద మాత్రం రాయి ఇంకా ఉంది. రాయుంటే మనిషుంటడు. కాక ఇంకా దిగలేదని మా ఇంటి లెక్క.